దెయ్యాల సినిమాలతో చిన్నపిల్లలకు బొమ్మలు నేర్పడం ఎలా?

పిల్లలకు బొమ్మలు నేర్పాలనుకోగానే మనం ఎదురుగా పెట్టేవి మామిడికాయ, జెండా, రెండు కొండల నడుమ ఉదయించే సూర్యుడు. ఆరేళ్ల పిల్లకు ఆ కొండల మీద ఏ మోజూ ఉండదు. అదే "దెయ్యం గీద్దామా?" అని అడిగి చూడండి. గోళ్లు ఎంత పొడవుండాలో, కోరలు పైకి రావాలో కిందికి దిగాలో, పాదాలు వెనక్కి తిరగాలో వద్దో తనే మీకు చెబుతుంది.

ఆ ఉత్సాహాన్ని పాఠంగా మలచడానికి భయపెట్టే సినిమాలను మించిన సాధనం నాకు కనిపించలేదు. తెర మీద భయం దానంతట అది పుట్టదు. దీపాన్ని ఎక్కడ పెట్టారు, గీతను ఎటు వంచారు, దేన్ని చూపించకుండా దాచారు అన్న దాని మీద ఆధారపడి పుడుతుంది. ఆ పనితనాన్ని పిల్లలకు పట్టి చూపిస్తే వెలుగునీడలు, గీత, ఆకారం, రంగు అన్నీ చేతికి అందుతాయి. భయం మనిషి చేసిన వస్తువని తెలిసిన పిల్ల రాత్రిపూట గోడ మీది నీడను కూడా వేరే కంటితో చూస్తుంది.

విజయనగరంలో సెలవు రోజుల్లో మా వీధి పిల్లలతో నేను పాటించే క్రమం ఇది. ఐదు నుంచి తొమ్మిదేళ్ల లోపు పిల్లలకు సరిపోతుంది. ఇంట్లో ఒక్క పిల్లతోనైనా, బడిలో ఇరవై మందితోనైనా చేయవచ్చు. ఒక రోజు పాఠం గంట దాటకూడదు.

సినిమా పెట్టే ముందు

సినిమా మొత్తం చూపించకండి. రెండు నిమిషాల నుంచి ఐదు నిమిషాల ముక్క చాలు. పట్టపగలు, తలుపులు తీసి ఉన్న గదిలో, ముందు ధ్వని లేకుండా చూపించండి. భయంలో చాలా భాగం చెవి నుంచే వస్తుంది. సంగీతం ఆపేస్తే అదే దృశ్యం చాలావరకు బొమ్మగా మిగిలిపోతుంది, మనకు కావలసింది అదే. రెండోసారి ధ్వనితో పెట్టి, ఏమి మారిందో అడగండి.

రిమోటు పిల్లల చేతిలో ఉండాలి. వద్దనిపిస్తే ఆపేసే అధికారం తనదేనని తెలిస్తే ఎంత పిరికి పిల్లయినా ధైర్యంగా కూర్చుంటుంది. ఎవరు ఆపినా నవ్వకూడదని మిగతావారికి ముందే గట్టిగా చెప్పండి. తల్లిదండ్రులకు ఏమి చూపిస్తున్నారో ముందుగా తెలపండి.

కొత్త సినిమాలైతే సెన్సారు ధ్రువపత్రం చూసుకోండి. 2024లో వచ్చిన నిబంధనలతో యూఏ వర్గాన్ని ఏడేళ్లు, పదమూడేళ్లు, పదహారేళ్లుగా మూడు భాగాలు చేశారు. పదమూడు, పదహారు గుర్తులున్నవి ఈ వయసు వాళ్లకు పనికిరావు. నెత్తురు, ఉన్నట్టుండి కేకతో మీదికి దూకే దృశ్యాలు నేను అసలు ముట్టుకోను. వాటిలో ఉలికిపాటు తప్ప నేర్చుకోవడానికి బొమ్మ ఏదీ ఉండదు.

ఇంకొకటి మన జిల్లాల వాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. జుట్టు విరబోసుకున్న ముసలమ్మనో, ఒంటరి ఆడమనిషినో దెయ్యంగా, మంత్రగత్తెగా చూపించే దృశ్యాలు ఎంచుకోకండి. చిల్లంగి, అంటే చేతబడి, పెట్టారన్న అనుమానంతో అమాయకుల మీద దాడులు జరిగిన ప్రాంతం మనది. పిల్లలు గీసే దెయ్యం ఊరిలో ఏ మనిషినీ పోలి ఉండకూడదు. ఎవరైనా "ఇది మా పక్కింటి మామ్మ" అంటే నవ్వి ఊరుకోకండి, అక్కడే ఆపి మాట్లాడండి. దెయ్యానికి మూడు కళ్లు పెట్టమనండి, తోక పెట్టమనండి. మనిషి పోలిక మాత్రం తీసేయించండి.

సరంజామా

బొగ్గు, సుద్దముక్కలు, పాత దినపత్రికలు, నల్ల చార్టు, పాత పెళ్లి శుభలేఖలు, కత్తెర, దారం, పసుపు, సబ్బునీళ్లు, ఫోను, తెల్ల పంచె. వీటిలో కొనాల్సింది నల్ల చార్టు ఒక్కటే.

బొగ్గు మాత్రం మీరే చేసుకోండి, రుచి తెలుస్తుంది. పెన్సిలు మందాన ఉన్న ఎండు చింతపుల్లలు తెచ్చి, బెరడు గీకి, మూత ఉన్న ఇనుప డబ్బాలో గాలి ఆడనంత దగ్గరగా పేర్చండి. మూతకు మేకుతో చిన్న రంధ్రం పెట్టి కట్టెల మంటలో ఉంచండి. రంధ్రంలోంచి ముందు తెల్లటి పొగ వస్తుంది. పొగ పూర్తిగా ఆగిపోయాక డబ్బాను బయటికి తీసి, చల్లారేదాకా మూత ముట్టుకోకండి. వేడి మీద తెరిస్తే గాలి తగిలి పుల్లలు అంటుకుని బూడిదవుతాయి. ఇది పెద్దలు చేయాల్సిన పని, పిల్లలు దూరం నుంచి చూడాలి. శ్రీకాళహస్తి కలంకారీ కళాకారులు బట్ట మీద తొలి గీత గీసుకునేది ఈ చింతపుల్లల బొగ్గుతోనే. దెయ్యాలు కాపురముంటాయని పేరుపడిన చెట్టు పుల్లతో దెయ్యాన్ని గీయడమంటే పిల్లలకు ఎంత సంబరమో చెప్పలేను.

మొదటి రోజు: నీడ

పాఠాలన్నిటికీ ఇది తల్లివేరు. దీనికి ఒక రోజు బదులు రెండు రోజులు పట్టినా ఇవ్వండి.

1922లో జర్మనీలో మూర్నావ్ తీసిన 'నోస్ఫెరాటు' అనే మూకీ చిత్రంలో మెట్లెక్కే నీడ దృశ్యం ఉంది. పొడవాటి వేళ్ల నీడ ఒకటి గోడ మీద పాకుతూ తలుపు వైపు వెళ్తుంది. ఆ కాసిని క్షణాలే తీసుకోండి, రక్తపిశాచి ముఖం కనిపించే దృశ్యాల జోలికి పోకండి. నీడ గోడ మీద స్పష్టంగా ఉన్నప్పుడు ఆపి మూడు ప్రశ్నలు వేయండి. మనిషి ఎక్కడున్నాడు? దీపం ఎక్కడ పెట్టి ఉంటారు? వేళ్లు అంత పొడవు ఎలా అయ్యాయి? జవాబులు మీరు చెప్పకండి. మొదటి ప్రశ్నకు పిల్లలు తెర మూలలన్నీ వెతుకుతారు. మనిషిని చూపించనే లేదని ఎవరో ఒకరు కనిపెడతారు. చూపించకపోయినా భయం వేసిందంటే నీడకు ఎంత బలముందో అప్పుడు తెలుస్తుంది.

ఇక మీ గోడ దగ్గరికి రండి. కిటికీలు మూసి, ఫోను టార్చిని గోడకు ఆరడుగుల దూరంలో స్టూలు మీద నిలబెట్టండి. ఒక అట్టముక్కను దీపానికి గోడకు సరిగ్గా మధ్యలో, అంటే మూడడుగుల దగ్గర పట్టిస్తే దాని నీడ రెట్టింపు ఉంటుంది. దీపానికి రెండడుగుల దగ్గరకు తెస్తే మూడు రెట్లవుతుంది. పిల్లలచేత జానలతో కొలిపించండి. ఇక్కడ లెక్కల పాఠం చెప్పాల్సిన అవసరం లేదు, జానలు కొలుస్తూ వాళ్లే అరుస్తారు. దీపం నుంచి వెలుగు విచ్చుకుంటూ వెళ్తుంది కాబట్టి దీపానికి దగ్గరగా ఉన్న వస్తువు ఎక్కువ వెలుగును అడ్డుకుంటుంది, అందుకే నీడ పెద్దది. ఇంతకన్నా వివరణ వద్దు.

తర్వాత టార్చి ఆపి ట్యూబులైటు వేయండి. గోడ మీద చేతి నీడ అంచులు చెదిరిపోయి దాదాపు మాయమవుతుంది. టార్చిలో వెలుగు ఒక చుక్క నుంచి వస్తుంది, అందుకే అంచు కత్తితో కోసినట్టు ఉంటుంది. ట్యూబులైటు బారెడు పొడవున వెలుగు చిమ్ముతుంది, ఒకచోట పడ్డ నీడను ఇంకోచోటి వెలుగు చెరిపేస్తుంది. దెయ్యాల సినిమాల్లో ట్యూబులైటు ఎందుకు వెలగదో పిల్లలను అడగండి.

ఇప్పుడు గోడకు దినపత్రికలు అంటించి, ఒక పిల్లవాడిని పంజా విసిరినట్టు నిలబెట్టి, మరొకరిచేత ఆ నీడ చుట్టూ బొగ్గుతో గీయించండి. గీసేవాళ్లు పక్కన నిలబడాలి, లేకపోతే వాళ్ల నీడే అడ్డం వస్తుంది. లోపల నింపేటప్పుడు బొగ్గుముక్కను పడుకోబెట్టి రుద్దమనండి. మొనతో నింపితే చేయి నొప్పి పుట్టి మధ్యలో వదిలేస్తారు. పెద్ద కాగితం మీద భుజం కదిపి గీయడం చిన్నపిల్లలకు చాలా అవసరం. నోటుపుస్తకం గళ్లలో ఒదిగి ఒదిగి వాళ్ల గీత బిగుసుకుపోయి ఉంటుంది.

మర్నాడు అద్దం ముందు పెట్టండి. టార్చిని గడ్డం కింద పట్టుకుని ముఖం చూసుకోమనండి. మన ముఖం మీద వెలుగు మామూలుగా పైనుంచే పడుతుంది, ఎండైనా, దీపమైనా. కింది నుంచి పడగానే ముక్కు నీడ నుదుటి వైపు లేస్తుంది, కనుగుంటల నల్లదనం చోటు మారుతుంది, తెలిసిన ముఖమే పరాయిదవుతుంది. బొమ్మ గీసేటప్పుడు నియమం ఒకటే: ముఖానికి చుట్టుగీత గీయకూడదు. నల్లగా ఉన్న చోట్లను మాత్రమే నల్లగా నింపాలి. మొదట అందరూ తికమకపడతారు. కాగితాన్ని గోడకు పెట్టి నాలుగడుగులు వెనక్కి వచ్చి చూసినప్పుడు, గీయని ముఖం కళ్లెదుట లేచి నిలబడుతుంది. పెద్ద చిత్రకారులు ఏళ్ల తరబడి సాధన చేసే కిటుకు ఇది.

వంకర గీతల వీధి

1920లో రాబర్ట్ వీనే దర్శకత్వంలో వచ్చిన 'డాక్టర్ కాలిగరి' చిత్రంలో వీధులు, ఇళ్లు, కిటికీలు అన్నీ ఒరిగిపోయి ఉంటాయి. హెర్మన్ వార్మ్, వాల్టర్ రైమన్, వాల్టర్ రోరిగ్ అనే ముగ్గురు కళాకారులు ఆ సెట్లను రూపొందించారు. నేల మీద, గోడల మీద పడే వెలుగును, నీడలను కూడా చాలాచోట్ల కుంచెతోనే వేసేశారు. మనుషులు లేని నాలుగైదు దృశ్యాలు ఆపి చూపించండి. కథ చెప్పాల్సిన పని లేదు, చెప్పకండి కూడా. అది పెద్దల కథ.

పిల్లలను బయటికి తీసుకెళ్లి ఊరిలో ఒక చోటును నిదానంగా చూడనివ్వండి. విజయనగరంలో గంటస్తంభం, మూడు లాంతర్ల కూడలి బాగా పనికొస్తాయి. శ్రీకాకుళం వాళ్లకు ఏడు రోడ్ల కూడలి ఉంది. ఏడు దారులు ఏడు పాముల్లా మెలికలు తిరిగితే ఎలా ఉంటుందో ఊహించమనండి. ఇంటికి వచ్చాక అదే చోటును రెండుసార్లు గీయించండి. మొదటిది ఉన్నది ఉన్నట్టు, రెండోది స్కేలు ముట్టకుండా, ఒక్క నిలువు గీత కూడా నిటారుగా లేకుండా. తలుపులు పైకి వెళ్లేకొద్దీ సన్నబడాలి, కిటికీలు ఒకదానివైపు ఒకటి వాలాలి, దారి దూరానికి వెళ్లేకొద్దీ చప్పున ఇరుకవ్వాలి. రెండు బొమ్మలనూ పక్కపక్కన పెట్టి, ఏ ఇంట్లో పడుకోవడం ఇష్టమో అడగండి. గీత వాలుకు మనసును కలవరపెట్టే శక్తి ఉందని ఇంతకన్నా సులువుగా చెప్పలేం.

ఎనిమిదేళ్ల అమ్మాయి ఒకతె తమ పెంకుటింటిని ఇలా గీసింది. స్తంభాలు కిందికి వచ్చేసరికి పుల్లల్లా సన్నబడ్డాయి, చూరు ఒక పక్కకు జారింది, తులసికోట కూడా ఒరిగింది. కోట ముందున్న దీపం పొగ మాత్రం నిలువునా, గీత గీసినట్టు తిన్నగా పైకి వెళ్తోంది. "ఇది ఎందుకమ్మా తిన్నగా ఉంది?" అని అడిగితే, "గాలి లేదు మాస్టారూ, అందుకే భయం" అంది. మొత్తం వంకరగా ఉన్నచోట ఒక్క తిన్నని గీత చూపును ఎలా లాగేస్తుందో ఆ పిల్ల కనిపెట్టింది. మీ దగ్గర కూడా ఎవరో ఒకరు ఇలాంటిది చేస్తారు. తప్పు గీసిందనుకుని దిద్దకండి. పిల్లల కాగితం మీద మీ చేయి ఎప్పుడూ పడకూడదు. చూపించాలంటే మీ కాగితం మీద గీసి చూపించండి.

కత్తెరతో దెయ్యం

జర్మనీ కళాకారిణి లోటె రైనిగర్ 1926లో 'ప్రిన్స్ అహ్మద్ సాహసాలు' అనే పూర్తి నిడివి చిత్రాన్ని కత్తిరించిన నల్లబొమ్మలతో తీసింది. ఇప్పటిదాకా మిగిలి ఉన్న పూర్తి నిడివి యానిమేషన్ చిత్రాల్లో అదే పాతది. నల్ల అట్ట, పలుచని సీసపు రేకులతో బొమ్మలు కోసి, కీళ్ల దగ్గర తీగతో కట్టి, కింది నుంచి వెలుగు వచ్చే గాజుపలక మీద పెట్టి ఒక్కొక్క కదలికను ఫొటో తీశారు. మంత్రగత్తె, మాంత్రికుడు జంతువులుగా మారుతూ పోరాడే ఘట్టం చూపించండి. ఆమె అక్కడ మంచి పక్షాన నిలిచే పాత్ర, చిల్లంగి సంగతి మాట్లాడిన పిల్లలకు అదీ చెప్పండి.

మన తోలుబొమ్మల్లో తోలు గుండా వెలుగు వస్తుంది కాబట్టి రంగులు, నగలు తెర మీద కనిపిస్తాయి. రైనిగర్ బొమ్మల్లో లోపల ఏమీ కనిపించదు, అంచే మాట్లాడాలి. అందువల్ల పిల్లలకు ఒక పరీక్ష నేర్పండి: గీసిన బొమ్మను లోపలంతా నల్లగా నింపేస్తే అది ఏమిటో ఎదుటివాళ్లు చెప్పగలరా? ఎదురుగా చూస్తున్న ముఖం నల్లగా నింపితే గుండ్రని మచ్చ మిగులుతుంది. పక్కకు తిరిగితే ముక్కు, కోర, గడ్డం, కొమ్ము అన్నీ బయటపడతాయి.

శుభలేఖ అట్ట మీద తలా మొండెం కలిపి ఒక ముక్క, పై చేయి ఒకటి, కింది చేయి ఒకటి విడివిడిగా గీయించండి. కీలు దగ్గర ముక్కలు వేలెడు వెడల్పున ఒకదాని మీద ఒకటి రావాలి, లేకపోతే వంచినప్పుడు సందు నుంచి వెలుగు వస్తుంది. సూదితో రంధ్రం పెట్టి, దారం దూర్చి, రెండు వైపులా ముడి వేయండి. ముడి బిగిస్తే చేయి కదలదు, కాస్త వదులుండాలి. పట్టుకోవడానికి గోగుపుల్లలు అంటించండి. దిబ్బు దిబ్బు దీపావళి అంటూ మన పిల్లలు దివ్వెలు కొట్టే గోగుపుల్లలే. నార తీసేశాక మిగిలే ఆ పుల్లలు తేలిక, తిన్నన, చిన్న చేతికి బరువు కావు. ఎదురుగా తెల్ల పంచె కట్టి, వెనక టార్చి పెట్టి, బొమ్మను పంచెకు ఆనించి ఆడించమనండి. పంచె నుంచి వెనక్కి జరిపితే బొమ్మ పెరుగుతుంది. మొదటి రోజు కొలిచిన జానలు వాళ్లకే గుర్తొస్తాయి.

ఇదే వారంలో డిస్నీ వాళ్ల 1929 నాటి 'స్కెలిటన్ డాన్స్' ఐదారు నిమిషాలూ పూర్తిగా చూపించవచ్చు. శ్మశానంలో అస్థిపంజరాలు నాట్యం చేస్తాయి, ఒకటి ఇంకొకదాని వెన్నుపూసను వాయిద్యం చేసుకుని వాయిస్తుంది. పిల్లలు భయపడరు, పడిపడి నవ్వుతారు. తర్వాత మోచేయి, మోకాలు, పక్కటెముకలు తడిమి చూసుకుని, నల్ల చార్టు మీద సుద్దముక్కతో ఎగురుతున్న అస్థిపంజరాన్ని గీయాలి. నల్ల కాగితం మీద గీసేటప్పుడు వెలుగును గీస్తున్నాం, చీకటి ముందే ఉంది. ఆ తేడా చేతికి తెలియడమే ఆ రోజు పాఠం.

ఎస్వీ రంగారావు కనుబొమలు

తెలుగు పిల్లలకు ఇంతటి పాఠ్యపుస్తకం ఇంకోటి లేదు. 1951లో వచ్చిన 'పాతాళ భైరవి'లో నేపాళ మాంత్రికుడు, 1957 నాటి 'మాయాబజార్'లో ఘటోత్కచుడు. నటుడు ఒక్కడే, దర్శకుడు కె.వి. రెడ్డి, ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే, కళాదర్శకులు గోఖలే, కళాధర్. ఇంతమందీ వాళ్లే అయినప్పుడు ఒక ముఖం చూస్తే ఒళ్లు జలదరించి, ఇంకొకటి చూస్తే ముద్దు ఎందుకొస్తుందో పిల్లలు కనిపెట్టాలి. రెండింటి నుంచి చెరొక దృశ్యం ఆపి పక్కపక్కన పెట్టండి. మాంత్రికుడిలో మొనలు వెతకమనండి, ఘటోత్కచుడిలో గుండ్రాలు వెతకమనండి. గడ్డం, కనుబొమలు, భుజాలు, నగలు ఒక్కొక్కటీ చూడాలి.

తర్వాత ఒకే కాగితం మీద నాలుగు గుండ్రాలు గీసి, కళ్లు, ముక్కు, నోరు నాలుగింటికీ ఒకేలా పెట్టి, కనుబొమలు మాత్రం మార్చమనండి. ముక్కు వైపు దిగినవి, ముక్కు వైపు లేచినవి, ఒకటి లేచి ఒకటి దిగినవి, రెండూ కలిసిపోయినవి. కోపం, దిగులు, కపటం, క్రూరత్వం రెండు గీతల్లో వచ్చేస్తాయి. ఐదేళ్ల వాళ్లకు కూడా ఈ అభ్యాసం నూటికి నూరుపాళ్లూ అందుతుంది.

'వివాహ భోజనంబు' పాటలో ఘటోత్కచుడు పెరిగిపోతాడు. పెరిగాడని మనకు తెలిసేది అతన్ని చూసి కాదు, ముందున్న పళ్లేలు, గంగాళాలతో పోల్చుకుని. కాగితం చాలనంత రాకాసిని గీయాలనుకునే పిల్లలకు ఇది చెప్పండి: పక్కన చీమంత మనిషిని పెట్టు, నీ రాకాసి తనే పెద్దదవుతుంది.

పసుపు కాగితం మాయ

'మాయాబజార్'కు 2010లో రంగులు అద్దారు. ఒకే దృశ్యాన్ని నలుపు తెలుపుల్లో ఒకసారి, రంగుల్లో ఒకసారి చూపిస్తే రంగు ఏమి చేస్తుందో మాటలు లేకుండానే తెలుస్తుంది. ఎనిమిదేళ్లు దాటిన వాళ్లకు 2009 నాటి 'కోరలైన్' చిత్రంలోని తోట దృశ్యం చూపించండి. అందులో మామూలు ఇల్లు బూడిద రంగులో, ప్రమాదం దాగిన మాయలోకం వెలిగే రంగుల్లో ఉంటుంది. భయానికి నలుపే రంగు అనుకునే పిల్లలు ఇక్కడ ఆగి ఆలోచిస్తారు. ఆ సినిమా మిగతా భాగం చిన్నవాళ్లకు వద్దు.

తర్వాత చేసేది పిల్లలు మళ్లీ మళ్లీ అడిగేది. తెల్ల కాగితం మీద చిక్కటి పసుపునీళ్లు పూసి పూర్తిగా ఆరనివ్వండి. బట్టల సబ్బు కరిగించిన నీళ్లలోనో, వంటసోడా కలిపిన నీళ్లలోనో కుంచె ముంచి ఆ పసుపు మీద దెయ్యాన్ని గీయమనండి. రంగు లేని నీటితో గీసిన గీత కళ్లముందే ఎర్రబారుతుంది. క్షారం తగిలితే పసుపు ఎర్రగా మారుతుంది. పసుపూ సున్నమూ కలిపి పారాణి చేసేది ఈ గుణం వల్లనే. సున్నం మాత్రం పిల్లల చేతికి ఇవ్వకండి, కంట్లో పడితే ప్రమాదం. కాసేపటికి నిమ్మరసం చుక్క వేస్తే ఆ చోట మళ్లీ పసుపు వచ్చి దెయ్యం కన్ను మాయమవుతుంది. ఎక్కడ ఎరుపు ఉంచాలో, ఎక్కడ తీసేయాలో ముందే ఆలోచించుకుని గీయడం ఆ ఆటలోనే అలవాటవుతుంది.

మన దెయ్యాలు

ఇంతదాకా వచ్చాక పరదేశపు దెయ్యాలను పక్కన పెట్టండి. ఇంట్లో అమ్మమ్మనో తాతయ్యనో అడిగి ఒక దెయ్యం కథ తెచ్చుకోమనండి. తాటితోపులో కొరివి దెయ్యం, మర్రిచెట్టు బ్రహ్మరాక్షసి, అన్నం తినని పిల్లలను ఎత్తుకుపోయే బూచాడు, ఏదైనా సరే. కథ విని మూడు విషయాలు చెప్పాలి: అది ఎక్కడ ఉంటుంది, దానికి ఏమి కావాలి, దాన్ని గుర్తుపట్టే ఆనవాలు ఏమిటి. మూడూ బొమ్మలో కనిపించాలి. పొలంలో నల్లకుండకు సున్నపు బొట్లు పెట్టిన దిష్టిబొమ్మను కూడా తీసుకెళ్లి చూపించండి. కన్నుకు ఒక చుక్క, పళ్లకు నాలుగు గీతలు, అంతే. అంత తక్కువలో అంత ముఖం ఎలా వచ్చిందో చూడాలి.

సీతంపేట కొండల్లోని సవర గిరిజనులు ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో బొమ్మలు వేస్తారు. పూర్వీకుల ఆత్మలను, దేవతలను ప్రసన్నం చేసుకోవడానికి వేసే పవిత్ర చిత్రాలవి. ముందు చుట్టూ చట్రం గీసి, ఆ తర్వాత లోపలికి మనుషులను, చెట్లను, జంతువులను నింపుకుంటూ వస్తారు. ఇవి భయపెట్టడానికి వేసినవి కావు, కనిపించని వాళ్లతో మాట్లాడటానికి వేసినవి. ఈ తేడాను పిల్లలకు మర్యాదగా చెప్పండి, ఆ బొమ్మలను దెయ్యాల బొమ్మలని పిలవనివ్వకండి. చట్రం ముందు గీసుకుని కథంతా అందులో ఇమిడ్చే పద్ధతిని మాత్రం తమ కథకు వాడుకోమనండి.

జీడితోటలున్న ఉద్దానం వైపు పిల్లలకు ఒక హెచ్చరిక. బొమ్మలకు అంటించడానికని జీడిపిక్కల తొక్కలు ఏరుకొస్తారు. వాటిలోని నూనె చర్మాన్ని పొక్కిస్తుంది, ముట్టనివ్వకండి.

కదిలించడం

పెద్ద పిల్లలుంటే ఫోనుతో చిన్న చిత్రం తీయవచ్చు. సులువైనది మాయమవడం. 1896లోనే ఫ్రాన్సులో జార్జ్ మెలియెస్ మూడు నిమిషాల భూతాల చిత్రంలో ఈ కిటుకు వాడాడు. ఫోనును రెండు ఇటుకల మధ్య కదలకుండా బిగించి వీడియో తీయండి. ఆపండి, ఒక పిల్లవాడు పక్కకు తప్పుకోవాలి, మిగతావాళ్లు బొమ్మల్లా కదలకుండా ఉండాలి. మళ్లీ తీసి రెండు ముక్కలు అతికిస్తే వాడు గాలిలో కలిసిపోతాడు.

కత్తిరించిన బొమ్మను నడిపించాలంటే కొంచెం కొంచెం జరుపుతూ ఫొటోలు తీయాలి. సినిమాలో సెకనుకు 24 చిత్రాలు కదులుతాయి, మనకు ఎనిమిది చాలు. ఐదు సెకన్ల నడకకు నలభై ఫొటోలు. అంతకు మించి పెట్టుకుంటే చిన్నవాళ్లకు ఓపిక ఉండదు. ఫోను ముట్టుకునేది ఒక్కరే, బొమ్మ జరిపేది ఒక్కరే అని ముందే పంచండి.

పాఠం ముగించే తీరు

కిటికీలు తెరిచి, ప్రతి పిల్లా తన దెయ్యానికి పేరు పెట్టాలి, అది ఏమి తింటుందో, దేనికి భయపడుతుందో చెప్పాలి. ఇది ఏ రోజూ మానకండి. దెయ్యానికి ఉప్మా అంటే అసహ్యమని చెప్పిన పిల్లకు రాత్రి దాంతో భయం ఉండదు. బొమ్మ ఇంటికి తీసుకెళ్లాలా, మీ దగ్గర పెట్టెలో ఉంచాలా అన్నది తన ఇష్టం. అయినా రాత్రి ఎవరైనా నిద్రపోలేదని తెలిస్తే, మర్నాడు తన చేతికి టార్చి ఇచ్చి, భయపెట్టిన ఆ దృశ్యాన్ని మీ గోడ మీద తనచేతనే చేయించండి. రెండు వారాల పాటు ఆ పిల్లకు కొత్త సినిమా ముక్కలు చూపించకండి, బొగ్గు, కత్తెర పని మాత్రం కొనసాగించండి.

బొమ్మ చూసి "బాగుంది" అని ఊరుకోవద్దు. వెలుగు ఎటు నుంచి వస్తోంది? ముందు నా కన్ను ఎక్కడ పడాలని అనుకున్నావు? ఏది దాచావు? ఇలా అడగండి. జవాబు చెప్పలేకపోయినా, మర్నాటి బొమ్మలో ఆ ప్రశ్న పనిచేస్తూ కనిపిస్తుంది.

బొగ్గు బొమ్మలను చుట్టచుట్టి పెట్టకండి, నలుపంతా రాలిపోతుంది. అంచు పట్టి మెల్లగా దులిపి, ఒక్కొక్కదాని మధ్య దినపత్రిక పెట్టి, అట్టల నడుమ బల్లపరుపుగా ఉంచండి. వానాకాలంలో నేలకు ఆనకుండా చూడండి, చెమ్మ పడుతుంది. బట్టలకు అంటిన మసిని తడపకముందే దులపాలని తల్లులకు చెప్పి పంపండి. తడిపి రుద్దితే నూలులోకి దిగిపోయి ఇక వదలదు.